చార్మినార్ చుట్టుపక్కల – 1:200 నమూనా పనిపై 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

చార్మినార్‌కు ఉత్తరాన ఉన్న మచ్లీ కమాన్ అనే తోరణ ద్వారం నుంచి మక్కా మసీదు దక్షిణపు గోడ దాకా, 1915 నాటి పాతబస్తీని 1:200 స్కేలులో కడుతున్న మన నమూనా పని 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు ఎంతవరకు వచ్చిందో చెప్పే నివేదిక ఇది. నమూనాను మోసే చదరపు ప్లైవుడ్ పలకలు మొత్తం 15, వాటిలో 9 పూర్తయ్యాయి. నాలుగింటి మీద ఇళ్లు సగం నిలబడ్డాయి. దక్షిణపు అంచున ఉన్న మిగతా రెంటి మీద నేలమట్టం తప్ప ఇంకా ఏమీ లేదు. పూర్తయ్యాయి అంటే గోడలు, కప్పులు, రోడ్డు, ఇళ్ల రంగు అయిపోయాయని. మనుషులు, జట్కాలు, చెట్లు అన్ని పలకలకూ చివర్లో ఒకేసారి పెడతాం.

సభ్యులు ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ‘చార్మినార్ ఎప్పుడు పెడతారు?’ అని. చార్మినార్ ఈ నమూనాలో తేలికైన పని. ఎత్తు తప్ప మిగతా కొలతలు దొరుకుతాయి, ఫోటోలు లెక్కలేనన్ని ఉన్నాయి, అనుమానం వస్తే వెళ్లి చూసి రావచ్చు. కష్టమంతా దాని చుట్టూ ఉన్న మల్గీలతో (వీధి వెంట వరసగా ఉండే దుకాణపు గదులు), వాటి వెనక దేవిడీలతో (పెద్ద లోగిళ్లు), రెండు బండ్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవలసిన గల్లీలతో. చార్మినార్ నిలిచే ఉంది, ఆ మల్గీల్లో ఎక్కువ భాగం నిలవలేదు. అందుకే ఏడాది శ్రమలో పెద్ద వాటా పేరులేని కట్టడాలకే పోయింది. ఈ నివేదికలో కూడా అంతే.

1915 ఎందుకు

ఏదో ఒక సంవత్సరం పట్టుకోకుండా పాతబస్తీని కడితే 1890 నాటి మిద్దె పక్కన 1950 నాటి కాంక్రీటు బాల్కనీ వచ్చి కూచుంటుంది. చూసేవారికి తెలియకపోవచ్చు గానీ నమూనాకు విలువ పోతుంది. 1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాత 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి రోడ్లు వెడల్పు చేయడం, ఇరుకు బస్తీలను తీసేయడం మొదలుపెట్టింది. లియొనార్డ్ మన్ నాయకత్వంలో జరిగిన మున్సిపల్ సర్వే 1912–15 నాటిది. అంటే ఊరు మారిపోబోయే ముందు ఇల్లిల్లూ గీసిన పటం అది. మనకు దొరికే ఆధారాల్లో ఇంత సూక్ష్మమైనది మరొకటి లేదు. ఆ పటం ఏ సంవత్సరానిదో నమూనా కూడా ఆ సంవత్సరానిదే కావాలన్నది గత సర్వసభ్య సమావేశం తీర్మానం.

దీనివల్ల కొన్ని వచ్చి చేరతాయి, కొన్ని పోతాయి. చార్మినార్ నాలుగు ముఖాల గడియారాలు 1889లో పెట్టినవి కాబట్టి ఉంటాయి. మక్కా మసీదు ఆవరణలో 1911లో మరణించిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ సమాధి కూడా ఉంటుంది. చార్మినార్ పక్కనే ఈరోజు అంత ప్రముఖంగా కనిపించే నిజామియా యునానీ ఆస్పత్రి భవనం ఉండదు, అది ఏడో నిజాం కాలంలో ఆ తర్వాత కట్టినది. ఆ చోట పటంలో ఉన్న పాత కట్టడాలే వస్తాయి. ‘ఆస్పత్రి మరిచిపోయారు’ అని చూడవచ్చినవారు అంటే ఈ సంగతి చెప్పండి.

గడియారాల సంవత్సరం ఇంకో రకంగా కూడా పనికొచ్చింది. తేదీ లేని పాత ఫోటోలో చార్మినార్ మీద గడియారం లేకపోతే ఆ ఫోటో 1889కి ముందుది. అందులోని మల్గీలను 1915 పటంతో సరిపోల్చి చూడకుండా వాడకూడదు. ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1905లో మరణించారు కాబట్టి ఆయన స్వయంగా తీసిన ఫోటోలకూ అదే నియమం. పదేళ్లలో ఒక వరస మల్గీల మీద పై అంతస్తు లేచిపోవడం పెద్ద విషయమేమీ కాదు.

పటం నుంచి పలక మీదికి

పటం నకళ్లను స్కాన్ చేసి పక్కపక్కన పెట్టగానే అతకవు. పాత కాగితం తేమకు పెరుగుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. పైగా నిలువుగా ఒక రకంగా, అడ్డంగా ఒక రకంగా. ఒక్క శాతం తేడా ఉన్నా 60 సెంటీమీటర్ల పలక మీద 6 మిల్లీమీటర్లు, అంటే నేల మీద 1.2 మీటర్లు తప్పుతాం. ఇరుకు గల్లీ అయితే సగం మాయమవుతుంది. అందుకని షీటు మీద ముద్రించిన స్కేలు గీతను నిలువుగానూ అడ్డంగానూ కొలిచి రెండు వేర్వేరు గుణకాలతో సరిచేశాం. ఆ తర్వాత ఇప్పటికీ కదలకుండా ఉన్న బిందువులకు కట్టాం. అవి చార్మినార్ నాలుగు మూలలు, నాలుగు కమాన్ల పాదాలు, మక్కా మసీదు హాలు మూలలు, జామా మసీదు మూలలు. క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో షీటుకు కనీసం ఆరు బిందువులు ఉండాలని నియమం పెట్టుకున్నాం. నాలుగుతో చేసినప్పుడు అంచులు సాగిపోయి పక్క షీటుతో కలవలేదు. ఆమోదించిన తేడా నమూనా మీద 2 మిల్లీమీటర్లు, నేల మీద 40 సెంటీమీటర్లు. అంతకంటే సన్నగా చేయబోతే ఆ పటంలో లేని ఖచ్చితత్వాన్ని మనం కల్పించినట్టే.

సరిచేసిన పటాన్ని అసలు సైజులో ప్రింటు తీసి పలకకు అంటించి, దాని మీదే గోడలు నిలబెడతాం. మొదటి రెండు పలకలకు మైదా జిగురు వాడాం. వానాకాలంలో కాగితం తినే పురుగులు పట్టాయి. బైండింగు పని చేసేవాళ్లు మైదా ఉడికేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వేసేది ఊరికే కాదు. ఇప్పుడు ఫెవికాల్‌ను రెండు పాళ్లకు ఒక పాలు నీళ్లు కలిపి రోలరుతో రాస్తున్నాం. ప్రింటును ముందు తడిగుడ్డతో తుడిచి ఐదు నిమిషాలు ఆగాలి. పొడి కాగితాన్ని నేరుగా అంటిస్తే అంటించాక సాగి ముడతలు పడుతుంది. తడిపిన ప్రింటు అడ్డంగా మిల్లీమీటరు దాకా పెరుగుతుంది కాబట్టి, అంటించి ఆరాక అంచులు కొలిచి రాసుకోవాలి.

పలకలు

నమూనా మొత్తం 3 మీటర్లు × 1.8 మీటర్లు, అంటే నేల మీద 600 × 360 మీటర్లు. 60 సెంటీమీటర్ల చదరపు పలకలు ఐదు వరసలు, వరసకు మూడు. ఎనిమిదడుగులు × నాలుగడుగుల ప్లైవుడ్ షీటులో ఎనిమిది పలకలు వస్తాయి, కాబట్టి 12 మిల్లీమీటర్ల షీట్లు రెండు సరిపోయాయి. పదహారో పలకను రంగుల ప్రయోగానికి ఉంచుకున్నాం. కొనేటప్పుడు బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే) రకమే కొనాలి.

గ్రిడ్‌ను మొదట ఉత్తరపు అంచు నుంచి వేస్తే పలకల అతుకు సరిగ్గా చార్మినార్ కిందికి వచ్చింది. దాన్ని జరిపి చార్మినార్, నాలుగు కమాన్ల నడుమ ఉన్న గుల్జార్ హౌజ్ నీటి తొట్టి, నాలుగు కమాన్లు, మక్కా మసీదు హాలు, ఏదీ అతుకు మీద పడకుండా చూశాం. ఇళ్లు మాత్రం పడకుండా ఉండవు. అతుకు మీద పడ్డ ఇంటిని ఎక్కడపడితే అక్కడ కోయకుండా దగ్గర్లోని ఉమ్మడి గోడ దగ్గర విడదీసి, ఇంటి మొత్తాన్ని ఒకే పలకకు ఇచ్చాం. ఆ ఇల్లు పక్క పలక మీదికి కొన్ని మిల్లీమీటర్లు చొచ్చుకొస్తుంది, అక్కడ పక్క పలకలో ఖాళీ ఉంచాలి. అతుకు గీత కళ్లకు కట్టేది రోడ్డు మీదే. రోడ్డు రంగు పలకలన్నీ బిగించి ఒకేసారి వేయాలి, విడివిడిగా వేస్తే ఎంత కలిపినా ఛాయ తేడా వస్తుంది.

పలక కింద 19 × 38 మిల్లీమీటర్ల టేకు ఫ్రేము, పక్క పలకతో కలవడానికి 8 మిల్లీమీటర్ల కర్ర గుజ్జులు రెండు, బిగించడానికి ఎమ్6 బోల్టు, రెక్కల నట్టు. కర్ర గుజ్జు ఇత్తడి గొట్టంలో కూచోవాలి. నేరుగా ప్లైవుడ్ రంధ్రంలో పెడితే పదిసార్లు తీసి పెట్టేసరికి వదులవుతుంది. పలకలు విడదీయగలిగేలా ఉండడం రవాణాకే కాదు. మనిషి చెయ్యి బల్ల అంచు నుంచి డెబ్భై సెంటీమీటర్లకు మించి ఒడుపుగా అందదు, మన నమూనా నడిమధ్య అంచుకు 90 సెంటీమీటర్ల దూరం. మధ్య పలకల మీద పనంతా బయటే అయిపోవాలి.

ఈ ఏడాది జరిగిన పెద్ద నష్టం పలకలు వంగడం. జులైలో మూడు పలకలు నాలుగు మూలలూ పైకి లేచి పళ్లెంలా అయ్యాయి. పై ముఖానికి కాగితం, జిగురు, రంగు ఉన్నాయి. కింది ముఖం పచ్చిగా ఉంది. ఒక వైపే తేమ పీల్చుకుంటే వంగక తప్పదు. ఒక పలకను బరువులు పెట్టి సరిచేయగలిగాం, రెంటిని ఫ్రేము ఊడదీసి మళ్లీ బిగించాం. ఇకమీదట పలకకు రెండు ముఖాలకూ, అంచులకూ సాండింగ్ సీలర్ రెండు పూతలు పడ్డాకే పటం అంటించాలి. ఈ నియమానికి మినహాయింపు లేదు.

మల్గీలు

1:200లో మనిషి 8 మిల్లీమీటర్లు, తలుపు సెంటీమీటరు, పిట్టగోడ నాలుగున్నర మిల్లీమీటర్లు. పదడుగుల ముఖం ఉన్న మల్గీ 15 మిల్లీమీటర్లు. లాడ్ బజార్‌లో ఎనిమిది మల్గీల వరస మన చేతిలో 12 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల లోతు ఉన్న ముక్క. ఈ లెక్కలు గుర్తుంటే ఏ మందం వాడాలో తెలిసిపోతుంది. 60 సెంటీమీటర్ల డంగుసున్నం గోడకు 3 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన బోర్డు) సరిగ్గా సరిపోతుంది. కానీ ఛజ్జాకు, అంటే గోడ నుంచి ముందుకు వచ్చే చూరుకు, మిల్లీమీటరు మౌంట్‌బోర్డు (దళసరి అట్ట) పెడితే అది నిజంలో 20 సెంటీమీటర్ల మందం, మల్గీ నెత్తిన బండరాయి పెట్టినట్టు ఉంటుంది. ఛజ్జాకు 0.3 మిల్లీమీటర్ల ఐవరీ కాగితమే వాడాలి. మొదటి పలక మీది ఛజ్జాలన్నీ ఈ కారణంగా తీసి మార్చాం.

ఒక వరస ఎలా కడుతున్నామో వివరంగా ఇక్కడ రాస్తున్నాం, కొత్తగా చేరినవారు ఇదే పద్ధతి పాటించాలి. ముందు చబుత్రా, అంటే అరుగు. 3 మిల్లీమీటర్ల ఎండీఎఫ్, వరసకంటే ముందుకు 5 మిల్లీమీటర్లు చొచ్చుకు రావాలి. ఈరోజు చూస్తే చాలా మల్గీలకు చబుత్రా రోడ్డు మట్టంలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయినందువల్ల అలా అయింది, పాత ఫోటోల్లో మెట్లు కనిపిస్తాయి. దాని మీద వెనక గోడ, అడ్డగోడలు నిలబెట్టి, ముందు ముఖాన్ని మౌంట్‌బోర్డుతో మూయాలి. లోపలి గోడలకు రంగు ఈ దశలోనే వేయాలి, కప్పు పెట్టాక కుంచె లోపలికి పోదు. కప్పు 1 మిల్లీమీటరు బోర్డు. అంచున పిట్టగోడ పట్టీ. పాతబస్తీ మిద్దెలు చదునైనవే అయినా కప్పు మీద సన్నని వాలు, నీళ్లు పోయే గొట్టం ఉండాలి. 0.5 మిల్లీమీటర్ల రాగి తీగ ముక్క గోడ నుంచి 3 మిల్లీమీటర్లు బయటికి వస్తే చాలు. వంద గొట్టాలు అయ్యేసరికి విసుగు పుడుతుంది. కానీ నమూనాను పై నుంచి చూసేవారికి కప్పులే కనిపిస్తాయి, అక్కడ బోసిగా వదిలేస్తే అట్టపెట్టెలు పేర్చినట్టు ఉంటుంది.

రోలింగ్ షట్టర్లు పెట్టకూడదు, 1915కి అవి సరిపోవు. చెక్క తలుపులు. 0.4 మిల్లీమీటర్ల వెనీరును 7 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలుగా కోసి, మొనదేలిన సూదితో మధ్యలో గీత గీస్తే రెండు రెక్కల తలుపు. ఎనిమిదింట్లో రెండు మూడు తలుపులు పూర్తిగానో సగమో తెరిచి పెట్టాలి. ఎండకు కట్టిన గుడ్డ చాటుకు టిష్యూ కాగితాన్ని నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి, వెన్నకాగితం మీద రెండు పుల్లల మధ్య వేలాడదీసి ఆరబెట్టాలి. వేలాడితేనే గుడ్డ బరువు కనిపిస్తుంది, బల్ల మీద చదునుగా ఆరబెట్టినది రేకులా ఉంటుంది.

గాజుల సంగతి. లాడ్ బజార్ అంటే లక్క గాజులు, అవి లేకపోతే ఎలా అని సభ్యుల కోరిక. ఆరు సెంటీమీటర్ల గాజు 1:200లో 0.3 మిల్లీమీటర్లు, వెంట్రుక మందానికి మూడు నాలుగు రెట్లు. గాజును చూపలేం, గాజుల వరసల మెరుపును చూపగలం. లోపలి గోడకు అర మిల్లీమీటరు ఎడంగా నల్లటి గీతలు గీసి, వాటి మధ్య ఎరుపు, పచ్చ, పసుపు చుక్కలను ఒక్క వెంట్రుక కుంచెతో పెట్టి, పైన మెరుపు వార్నిష్ ఒకే ఒక్క చుక్క. మిగతా నమూనా అంతా మెరుపు లేని రంగే కాబట్టి ఆ చుక్క వెలుగు పడగానే పలుకుతుంది. ప్రతి మల్గీకి ఇలా చేయకూడదు, తెరిచిన తలుపు ఉన్నవాటికి మాత్రమే.

లేజర్ కోతలో రెండు చిక్కులు పదేపదే వచ్చాయి. మొదటిది మందం. 3 మిల్లీమీటర్లని అమ్మే ఎండీఎఫ్ 2.7 నుంచి 3.1 దాకా ఉంటోంది, కాబట్టి షీటు షీటుకూ వెర్నియర్‌తో కొలిచాకే గాడి వెడల్పు ఫైలులో మార్చాలి. లేజర్ తినేసే 0.15–0.2 మిల్లీమీటర్లను కూడా లెక్కలో తీసివేయాలి. ఒక దుకాణంలో మన ఫైలును అడగకుండా ‘పేజీకి సరిపెట్టి’ కోశారు, మొత్తం వరస రెండు శాతం చిన్నదై వచ్చింది. అప్పటి నుంచి ప్రతి ఫైలులో ఒక మూల సరిగ్గా 100 మిల్లీమీటర్ల గీత పెడుతున్నాం. ముక్కలు చేతికి రాగానే ముందు ఆ గీతను కొలవాలి. రెండోది మసి. కాలిన అంచు మీద తెల్ల రంగు ఎన్ని పూతలు వేసినా వారంలో గోధుమరంగు మరక పైకి తేలుతుంది. 240 నంబరు గరుకు కాగితంతో రుద్ది, లక్క పాలిష్ ఒక పూత వేస్తే ఆగింది. లాడ్ బజార్ గాజులకు వాడే లక్కే లాడ్ బజార్ నమూనా గోడను కాపాడుతోంది.

జాలీలు కోయించేటప్పుడు అర మిల్లీమీటరుకంటే సన్నని కడ్డీ నిలవదు, కాలి ఊడిపోతుంది. అర మిల్లీమీటరు అంటే నిజంలో పది సెంటీమీటర్లు, అసలు జాలీ అంత మోటుగా ఉండదు. కాబట్టి జాలీలను కోయకుండా కాగితం మీద పైపైన చెక్కించి, గుంటల్లో ముదురు రంగు నింపి తుడుస్తున్నాం.

ఎత్తులు ఎలా తెలుస్తాయి

పటం పొడవు వెడల్పులే చెబుతుంది. ఎత్తులకు ఫోటోలే దిక్కు. కమాన్ల పక్కన ఉన్న మల్గీలు ఇందుకు అక్కరకొచ్చాయి. నాలుగు కమాన్ల ఎత్తు 60 అడుగులు, వెడల్పు 36 అడుగులని దాఖలా ఉంది, అంటే 18.3 మీటర్లు, 11 మీటర్లు. ఫోటోలో కమాన్ 61 మిల్లీమీటర్లు ఉందనుకుందాం, మిల్లీమీటరుకు 30 సెంటీమీటర్లు. అదే తలంలో ఉన్న మల్గీ 22 మిల్లీమీటర్లుంటే 6.6 మీటర్లు, నమూనాలో 33 మిల్లీమీటర్లు. ‘అదే తలంలో’ అన్న మాట ముఖ్యం. కమాన్‌కు ముందో వెనకో ఉన్న ఇంటికి ఈ లెక్క వేస్తే నిజం కంటే పెద్దదో చిన్నదో అవుతుంది. ఫోటో ఎదురుగా తీసినదై ఉండాలి, ఏటవాలుగా తీసినది పనికిరాదు.

ఇప్పటికీ మిగిలిన పాత మల్గీలను ఆదివారాలు పొద్దున ఆరు నుంచి ఎనిమిది లోపు, దుకాణాలు తెరవకముందు కొలిచాం. రెండు మీటర్ల కర్రకు 20 సెంటీమీటర్లకు ఒక ఎరుపు, ఒక తెలుపు పట్టీ వేసి గోడకు ఆనించి ఫోటో తీస్తే, తర్వాత ఇంట్లో కూచుని అన్నీ లెక్కించుకోవచ్చు. ఫోన్ కెమెరా వెడల్పు లెన్సు వాడకండి, అంచుల్లో గీతలు వంగుతాయి. రెండింతలు జూమ్ చేసి వెనక్కి నడవండి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల దగ్గర ట్రైపాడ్‌కు ముందస్తు అనుమతి కావాలి. ఇళ్లకు సంబంధించి మన నియమం మారలేదు. వీధి నుంచి కనిపించేదే కొలుస్తాం, లోపలికి ఇంటివాళ్లు పిలిస్తే తప్ప వెళ్లం, లోపలి గదుల ఫోటోలు వారి అనుమతి లేకుండా ఎవరికీ పంపం.

ప్రతి ఇంటి అడుగున ఒక నంబరు, ఒక అక్షరం రాస్తున్నాం. ‘క’ అంటే కొలిచినది. ‘ఫ’ అంటే ఫోటో నుంచి లెక్క కట్టినది. ‘ప’ అంటే పటంలో పునాది మాత్రమే ఉంది, ఎత్తూ ముఖమూ పక్క ఇళ్లను చూసి ఊహించినవి. పూర్తయిన తొమ్మిది పలకల్లో సగానికి పైగా ‘ప’లే, ముఖ్యంగా వీధికి వెనక ఉన్న దేవిడీల లోపలి భాగాలు. ఇది దాచవలసిన సంగతి కాదు. ‘ప’ ఇళ్లకు ప్రత్యేకమైన జరోఖాలు (ముందుకు పొడుచుకొచ్చిన కిటికీలు), రంగు తలుపులు పెట్టవద్దని ఈ ఏడాది తీర్మానించాం. ఊహించిన ఇల్లు అందంగా ఉంటే రేపు ఎవరో దాన్నే ఆధారంగా తీసుకుంటారు. ఆ ఇళ్లు సాదాగా ఉండాలి, రంగు కూడా ఒక పాలు లేతగా.

చార్మినార్, కమాన్లు, మక్కా మసీదు

1591 నాటి చార్మినార్ ఒక్కో వైపు 20 మీటర్లు, మనకు 10 సెంటీమీటర్లు. నాలుగు వైపులా ఉన్న పెద్ద కమాను 11 మీటర్ల వెడల్పు, అంటే 5.5 సెంటీమీటర్లు. మొత్తం ఎత్తు దగ్గర పుస్తకాల్లో రెండు లెక్కలు తిరుగుతున్నాయి, 48.7 మీటర్లనీ 56 మీటర్లనీ. నమూనాలో అవి 24.35, 28 సెంటీమీటర్లు, ఆ తేడా కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికే త్రీడీ ఫైళ్లు ఒక్కొక్కటి ఒక్కో ఎత్తు పట్టుకున్నాయి కాబట్టి వాటిని వాడలేదు. కింది చదరం కట్టి పెట్టాం. మినార్లను మాత్రం విడిగా, 3 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ మీద గుచ్చే ముక్కలుగా చేస్తున్నాం. అనుమతి తీసుకుని నేల నుంచి కొలిచాక ఆ కొలతకే చేసి గుచ్చుతాం. కింది నుంచి పైకి తీసిన ఫోటోలో పై భాగం కుంచించుకుపోతుంది, ఆ ఫోటోల మీద స్కేలు పెట్టి కొలిచి పంపిన సభ్యుల శ్రమకు కృతజ్ఞతలు, కానీ ఆ లెక్కలు వాడలేం.

మినారును నాలుగు ముక్కలుగా రెసిన్‌లో ప్రింటు చేస్తున్నాం, అతుకు సరిగ్గా చుట్టూ ఉన్న నగిషీ పట్టీ కింద పడేలా. ఒకే ముక్కగా చేసిన మొదటి ప్రయత్నం వారంలో విల్లులా వంగింది. బోలుగా ప్రింటు చేసి, లోపల కడగని రెసిన్ ఉండిపోవడమే కారణం. గోడ మందం 2 మిల్లీమీటర్లు, అడుగున 3 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు, స్పిరిట్‌తో లోపల కూడా కడగడం, పూర్తిగా ఆరాకే వెలుగులో గట్టిపరచడం. ఈ క్రమం తప్పకూడదు.

నాలుగు కమాన్లూ, అంటే ఉత్తరాన మచ్లీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, తూర్పున కాలీ కమాన్, పడమర షేర్-ఎ-బాతిల్ కమాన్, ఒకే కొలతవి కాబట్టి ఒక మూలరూపం చేసి సిలికాన్ అచ్చు తీశాం. పోతకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కంటే దంతవైద్యులు వాడే డెంటల్ స్టోన్ మేలు. వంద గ్రాముల పొడికి 30 మిల్లీలీటర్ల నీళ్లు, అంతకు మించితే గట్టిదనం పోతుంది. పొడిలో నీళ్లు పోయకూడదు, నీళ్లలో పొడి చల్లాలి. మొదటి మూడు పోతల్లో కమాను మొన దగ్గరే బుడగ చిక్కింది, అచ్చును తలకిందులు చేసి పాదాల వైపు నుంచి పోశాక పోయింది. మూలరూపానికి గంధకం ఉన్న బంకమట్టి వాడితే ప్లాటినం రకం సిలికాన్ గట్టిపడదు, జిగటగానే ఉండిపోతుంది. ఒక అచ్చు అలా పోయింది.

మక్కా మసీదు హాలు 67 × 54 మీటర్లు, ఎత్తు 23 మీటర్లు. నమూనాలో 33.5 × 27 × 11.5 సెంటీమీటర్లు, మొత్తం మీద అతి పెద్ద ముక్క. గోడల పని వచ్చే ఏడాది. రాతి రంగు గురించి మాత్రం ఇప్పుడే ఒక మాట. ఇది గ్రానైట్ కట్టడం, దీనికి సున్నపు రంగు వేయకూడదు. చార్మినార్‌కు గచ్చుపూత ఉంది, దానిది వేరే రంగు.

రంగు

తెల్ల రంగు డబ్బా తెరిచి అలాగే వేయవద్దు. గచ్చుకు తెలుపు పది పాళ్లు, పసుపు గైరికం ఒక పాలు, కాల్చిన అంబర్ రంగు కొద్దిగా. నమూనా చిన్నది కాబట్టి నిజం రంగు కంటే పదోవంతు లేతగా ఉండాలి, దూరం నుంచి చూసే ఇల్లు లేతగానే కనిపిస్తుంది కదా. ఆరాక నీళ్లలో పదో వంతు ముదురు రంగు, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి పలచగా పారిస్తే మూలల్లో నిలుస్తుంది. మౌంట్‌బోర్డుకు ఒక వైపే రంగు వేస్తే వంగుతుంది, వెనక కూడా ఒక పూత వేయండి. థర్మోకోల్ మీద స్ప్రే రంగు కొట్టవద్దు, కరిగిపోతుంది. చెట్ల ఆకుకు వాడే రంపపు పొట్టులో బోరిక్ పొడి కలపాలి.

జమాఖర్చులు

ఆడిట్ అయిన పట్టిక విడిగా పంపాం. వృథా ఎక్కువగా జరిగింది లేజర్ కోతలో, తిరిగి కోయించిన ముక్కల వల్ల. పై నియమాలు పాటిస్తే అది తగ్గాలి.

వచ్చే ఏడాది పని

వరస ఇలా ఉంటుంది. ముందు సగంలో ఉన్న నాలుగు పలకల మీద మల్గీలు. వానలు తగ్గాక మక్కా మసీదు హాలు. చార్మినార్ కొలతకు అనుమతి దరఖాస్తు ఏప్రిల్‌లోనే వేయాలి. గుల్జార్ హౌజ్‌ను ఇప్పుడున్న చిన్న రూపంలో చేసి పెట్టారు, పటంలోని గీతతో పోల్చి మార్చాలి. నీళ్లకు పారదర్శక రెసిన్‌ను 2 మిల్లీమీటర్ల పూతలుగా రోజుకొకటి పోయాలి, ఒకేసారి పోస్తే వేడెక్కి పగుళ్లిస్తుంది.

సభ్యుల నుంచి కావలసింది ఫోటోలు. చార్మినార్ ఫోటోలు ఇప్పటికే సరిపడా ఉన్నాయి, అవి వద్దు. పెళ్లి ఊరేగింపు, దుకాణం ముందు తాతగారు, మిద్దె మీద గాలిపటం, ఇలాంటివాటిలో వెనకాల గోడో, పిట్టగోడో, తలుపో కనిపిస్తే అవి కావాలి. 1900 నుంచి 1940 దాకా ఏవైనా సరే. ఆల్బమ్ నుంచి ఫోటోను పీకవద్దు, జిగురుతో పాటు పై పొర ఊడుతుంది. ఆల్బమ్ తెరిచి పేజీ మొత్తంగా 600 డీపీఐలో స్కాన్ చేయండి. స్కానర్ లేకపోతే కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట, ఫ్లాష్ లేకుండా, ఫోను పేజీకి సమాంతరంగా పట్టుకుని తీయండి, పేజీ అంచున ఒక స్కేలు పెట్టండి. ఫోటో వెనక ఏమైనా రాసి ఉండి, పేజీకి అంటుకుని లేకపోతే దాన్ని కూడా తీయండి. ఉర్దూలో ఉన్నా పర్వాలేదు, చదివేవారు మనలో ఉన్నారు. ఇల్లు ఏ గల్లీలో ఉండేదో, ఏ మసీదుకో ఏ కమాన్‌కో ఎటువైపో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఒక ముక్క రాయండి. ఆ ఒక్క ముక్కతో ‘ప’ ఇల్లు ‘ఫ’ ఇల్లవుతుంది.